ఆ ఊదారంగు అసలుదేనా?

నీడలో చూస్తే నల్లకారు. ఎండలోకొస్తే ఊదా. నాలుగడుగులు పక్కకు జరిగి చూస్తే నీలం. ఇంకాస్త వంగి చూస్తే అంచుల్లో ఎక్కడో ఆకుపచ్చ మెరుపు... కారు కదల్లేదు, కదిలింది చూసేవాళ్లే!

జపాన్‌కు చెందిన నిస్సాన్ కంపెనీ 1999లో తన స్కైలైన్ జీటీ-ఆర్ స్పోర్ట్స్‌కారుకు వేసిన రంగిది. పేరు మిడ్‌నైట్ పర్పుల్-2. వీ-స్పెక్ అనే మేలురకంలో ఈ రంగుతో వచ్చినవి 282 కార్లే. మరుసటి ఏడాది ఛాయ కాస్త మార్చి తెచ్చిన మిడ్‌నైట్ పర్పుల్-3 అయితే మరీ తక్కువ, 132. ‘ఆర్34’గా పిలిచే ఆ తరం జీటీ-ఆర్‌లు 1999-2002 మధ్య పదకొండు వేలకు పైగా తయారయ్యాయి. అంత గుంపులో ఈ ఊదాకార్లు పిడికెడన్నమాట. అందుకే ఎక్కడైనా ఒకటి కనిపిస్తే కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు కాలు ముందుకు పడదు. ఫొటో తీసుకుంటారు, చుట్టూ తిరుగుతారు, ఆపైన అసలు ప్రశ్న మొదలవుతుంది. ఇది ఫ్యాక్టరీలో వేసిన రంగా... షెడ్డులో వేయించిందా?

మనకు ఈ పట్టింపు వింతగా అనిపించొచ్చు. రంగు రంగే కదా, ఎవరు వేస్తేనేం? కానీ సేకరణదారుల లోకంలో లెక్క వేరు. పాత జీటీ-ఆర్‌లకు ఇప్పుడున్న గిరాకీ మామూలుది కాదు. 2009లో వచ్చిన ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాలో పాల్ వాకర్ నడిపిన నీలిరంగు ఆర్34 జీటీ-ఆర్‌ను 2023లో బాన్‌హామ్స్ సంస్థ వేలం వేస్తే 13,57,000 డాలర్లు పలికింది. మన డబ్బుల్లో పదకొండు కోట్ల పైమాటే. అది సినిమా కారు కాబట్టి సరే. మామూలు జీటీ-ఆర్‌ల ధరలూ చుక్కలనంటడానికి మరో కారణముంది. ఈ కార్లను అమెరికాలో అధికారికంగా అమ్మలేదు. అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోని విదేశీ కారైనా తయారై పాతికేళ్లు నిండితే దిగుమతి చేసుకోవచ్చన్నది ఆ దేశపు నిబంధన. అలా 1999 నాటి కార్లకు 2024లో తలుపులు తెరుచుకున్నాయి. పర్పుల్-3 కార్ల వంతు ఆ తర్వాతి ఏడాది వచ్చింది. అక్కడి అభిమానులు ఏళ్లతరబడి నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారంటే అతిశయోక్తి కాదు!

గిరాకీ ఉన్నచోట నకిలీలూ ఉంటాయి. తెల్లదో వెండిరంగుదో ఒక మామూలు జీటీ-ఆర్‌కు ఊదారంగు కొట్టించి ‘282లో ఒకటి’ అని అమ్మితే, రంగు ఖర్చుకు ఎన్నో రెట్లు మిగులుతుంది. కొన్నవాడికి మిగిలేది అందమైన పెయింటే.

నీటిమీద నూనె

వానకు తడిసిన రోడ్డుమీద ఇంజిన్ ఆయిల్ చుక్క పడితే ఇంద్రధనుస్సు పరుచుకుంటుంది. నూనెలో ఆ రంగులేవీ లేవు. పల్చటి పొర పైభాగాన్నుంచి కొంత వెలుగు, అడుగునుంచి కొంత వెలుగు వెనక్కి తిరిగొచ్చి ఒకదాంతో ఒకటి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. చూసే కోణం మారితే బలపడే రంగూ మారుతుంది. సబ్బు బుడగ, నెమలి ఈక... అన్నిట్లోనూ ఇదే మాయ. రంగులు మార్చే కారు పెయింట్లలోనూ కంటికి కనిపించనంత చిన్న రేకులుంటాయి. ఒక్కో రేకు కొన్ని పల్చటి పొరల దొంతర.

చూడ్డానికి సంబరమే కానీ పెయింటర్లకు ఇలాంటి రంగు తలనొప్పి. ఎన్ని పూతలు వేశారు, ఎంత దూరం నుంచి స్ప్రే కొట్టారు, రేకులు ఎలా పరుచుకున్నాయి... ఏ ఒక్కటి తేడా వచ్చినా తలుపు ఒక రంగులో, పక్కనున్న రేకు మరో రంగులో కనిపిస్తాయి. ఎదురుగా నిలబడితే తెలియని తేడా కారు చివరినుంచి ఏటవాలుగా చూస్తే బయటపడుతుంది. అందుకే పరీక్ష ఎప్పుడూ ఆరుబయట, ఎండలోనే. ఫొటో చూసి తేల్చేద్దామంటే కుదరదు. ఒక ఫొటోలో నీలంగా ఉన్న కారు మరో ఫొటోలో నల్లగా ఉంటుంది. పర్పుల్-2, పర్పుల్-3లను ఫొటోల్లో విడదీయడమైతే తలపండినవాళ్లకూ కష్టమే. వీటికి తోడు అంతకుముందు తరం ఆర్33 జీటీ-ఆర్‌కు 1995లోనే వచ్చిన మిడ్‌నైట్ పర్పుల్ ఉండనే ఉంది. అది ఇన్ని వేషాలు వేయదుగానీ, పేరు దగ్గర మాత్రం గందరగోళం సృష్టిస్తుంది.

బానెట్ ఎత్తాల్సిందే

మరి తేల్చేదెలా? కంటికి పనిచెప్పడం ఆపి కోడ్ చదవాలి. ఇంజిన్ అరలో చిన్న లోహపు పలక ఉంటుంది. దానిమీద మోడల్ సంకేతం, ఛాసిస్ నంబరు, రంగు కోడ్ ముద్రించి ఉంటాయి. మిడ్‌నైట్ పర్పుల్-2 అయితే ఎల్‌వీ4. పర్పుల్-3 అయితే ఎల్‌ఎక్స్0. ఆర్33 మీద వచ్చిన పాత ఊదా ఎల్‌పీ2. సినిమాతో పేరొచ్చిన బేసైడ్ బ్లూ టీవీ2. పైన ఊదా మెరుస్తూ పలకమీద టీవీ2 అని ఉంటే... మాటలక్కర్లేదు.

రంగుదాకా వెళ్లకముందే చూడాల్సింది మరొకటుంది. అసలది జీటీ-ఆరేనా అన్నది! ఆర్34 జీటీ-ఆర్ ఛాసిస్ నంబరు బీఎన్‌ఆర్34తో మొదలవుతుంది. దాని తమ్ముడిలాంటి జీటీ-టీ కారుది ఈఆర్34. తమ్ముడికి అన్న బంపర్లు, రెక్క తగిలిస్తే దూరంనుంచి పోల్చుకోలేం. పైన చెప్పిన సినిమాలోనే స్టంట్ల కోసం జీటీ-టీలను జీటీ-ఆర్‌లలా ముస్తాబు చేసి వాడారు.

పలక ఒక్కటే చాలా? చాలదు. దాన్ని ఊడదీసి వేరేది బిగించొచ్చు. అందుకే ఇంజిన్ వెనకగోడ మీద లోహంలోకే దిగేలా కొట్టిన నంబరుతో పోల్చాలి. మన ఆర్టీఏ ఆఫీసుల దగ్గర ఛాసిస్ నంబరు మీద కాగితంపెట్టి పెన్సిల్ రుద్ది ముద్ర తీయడం చూసేవుంటారు. అక్కడా కాగితంలోని నంబరు, ఇనుములోని నంబరు ఒకటేనా అన్నదే అనుమానం. ఆపైన నిస్సాన్ విడిభాగాల జాబితాలో ఆ నంబరు కొడితే కారు ఏ నెలలో తయారైందో, ఏ రంగు కోడుతో బయటికొచ్చిందో తెలుస్తుంది. పలక అబద్ధం చెప్పినా జాబితా చెప్పదు. మూడూ ఒకే మాట చెబితేనే ముందుకెళ్లాలి.

ఆ తర్వాత కారును చూసే తీరే వేరు. మెరిసే చోట్ల కాదు, ఎవరూ చూడని చోట్ల వెతకాలి. డిక్కీలో కార్పెట్ ఎత్తితే కింద ఏ రంగుంది? తలుపు రబ్బరును కాస్త లాగితే లోపలి అంచులో గీతలా మరో రంగు కనిపిస్తోందా? రేకుల్ని బిగించిన బోల్టుల తలలమీద పెయింట్ పగిలిందా? పైన కొట్టిన స్ప్రే రబ్బర్ల మీద, గొట్టాల మీద చుక్కలుగా పడిందా? పెయింట్ మందాన్ని కొలిచే చేతిపరికరం కూడా ఉంది. ఒకచోటికీ మరోచోటికీ అంకె రెట్టింపయితే అక్కడ రెండోపూతో, పుట్టీయో ఉన్నట్టే. ఇక్కడో చిక్కుంది. ఈ తరం తొలి జీటీ-ఆర్‌ల బానెట్ అల్యూమినియంది. అయస్కాంతంతో పనిచేసే పరికరం దానిమీద పలకదు. అయస్కాంతం అతుక్కోలేదని బానెట్‌ను నకిలీ అనేస్తే పప్పులో కాలేసినట్టే!

జపాన్ వేలంశాలల కాగితం మరో సాక్షి. పాతకార్లను అక్కడ నిపుణులు పరీక్షించి, కారు బొమ్మమీద గీతలు, సొట్టలు, మార్చిన భాగాలు ఎక్కడున్నాయో అక్షరాలతో గుర్తుపెడతారు. రంగు మారిస్తే ఆ సంగతి రాయడానికి, అసలు రంగేంటో చెప్పడానికి గడులున్న కాగితాలూ ఉంటాయి. కారు వేలానికి వచ్చిన ప్రతిసారీ అలాంటి కాగితం ఒకటి పుడుతుంది కాబట్టి, అమ్మేవాడు చూపించేదొక్కటే కాకుండా పాతవీ సంపాదిస్తే మంచిది.

అలాగని మళ్లీ రంగు వేసిన ప్రతికారూ మోసం కాదు. పాతికేళ్లు తిరిగిన బండికి బంపర్ గీసుకుపోవడం, దానికి పూత వేయించడం సహజం. పలకమీద ఎల్‌వీ4 ఉండి, అదే రంగు మళ్లీ వేయించిన కారుకు విలువ కొంత తగ్గుతుందేమో కానీ గౌరవం తగ్గదు. చెప్పి అమ్మితే పేచీ లేదు, దాచి అమ్మడమే తప్పు. ఇంకో విచిత్రమూ జరగొచ్చు. ఎవరో యజమానికి ఊదా మొహంమొత్తి తెల్లరంగు వేయించి ఉంటాడు. బానెట్ ఎత్తి పలక చదివినవాడికి తప్ప ఆ తెల్లకారు కథ ఎవరికీ తెలియదు. ఊదాకారు కోసం తిరిగేవాళ్లు తెల్లకార్ల బానెట్లూ ఎత్తి చూసేది అందుకే.

ఆ రంగును నిస్సాన్ కూడా మర్చిపోలేదు. 2021లో ఆర్35 జీటీ-ఆర్‌లో టీ-స్పెక్ అనే పరిమిత రకాన్ని ప్రకటిస్తూ మిడ్‌నైట్ పర్పుల్ పేరును మళ్లీ తెరమీదికి తెచ్చింది. పద్దెనిమిదేళ్లపాటు సాగిన ఆర్35 తయారీ 2025 ఆగస్టులో టోచిగి ఫ్యాక్టరీలో ముగిసింది. జపాన్‌లోని ఓ కొనుగోలుదారు కోసం తయారైన ఆ చివరికారు రంగు... మిడ్‌నైట్ పర్పుల్.