ఎండ రోజుల్లో నడక: ఇక్కడి పొద్దు చూసుకుందాం

ఐర్లాండ్‌లో వడదెబ్బ ఏమిటని తేలిగ్గా తీసుకుంటాం. కానీ 2022 జూలై 18న డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో ఎండ సుమారు 33 డిగ్రీలకు చేరింది. ఇక్కడి ఇళ్లు వెచ్చదనాన్ని పట్టి ఉంచేలా కట్టినవి, చాలా ఇళ్లలో ఫ్యాన్లూ ఉండవు. ఏళ్ల తరబడి చలిలో ఉన్న మన ఒంటికి పాత అలవాటూ పోయి ఉంటుంది.

వేసవికి వచ్చిన అమ్మానాన్నలకు ముఖ్యంగా ఒక మాట చెప్పాలి. మన ఊళ్లో సాయంత్రం ఆరు అంటే చల్లబడే వేళ. ఇక్కడ జూన్, జూలైల్లో మిట్టమధ్యాహ్నం అయ్యేదే సుమారు ఒకటిన్నరకు. జూన్ చివర పొద్దుగుంకేసరికి దాదాపు పది అవుతుంది. అందుకే ఎండ ముదిరిన రోజుల్లో ఉదయం ఎనిమిదిలోపు, లేదా రాత్రి ఎనిమిది దాటాక నడవండి.

జిమ్ ఫీజు అక్కర్లేదు. చెట్లున్న పార్కులో నడక, లేదా పొద్దున్నే కిటికీలు తెరిచి నెమ్మదిగా సూర్యనమస్కారాలు చాలు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే మేలు. వెంట నీళ్ల సీసా, ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఉంటే మంచిది. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు నీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో డాక్టరును అడగండి. తొలి ఏకాదశి ఉపవాసం నాడు వ్యాయామానికి సెలవివ్వండి.

తల తిరిగినా, వికారంగా ఉన్నా ఆగి నీడకు చేరి నీళ్లు తాగాలి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా వెంటనే 112కు గానీ 999కు గానీ ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా ఒళ్లు తడిపి విసురుతూ ఉండండి.