కంప్యూటరుకు శైత్యోపచారాలు

మన ప్రబంధ కావ్యాలలో శైత్యోపచార వర్ణన ప్రసిద్ధమైన ఘట్టం. విరహతాపంతో కుములుతున్న నాయికకు చెలికత్తెలు మంచిగంధం పూస్తారు, తామరాకులతో విసరుతారు, పన్నీరు చిలుకుతారు. తాపానికి మూలమైన వియోగం అలాగే ఉండగా ఆ ఉపచారాలు ఎంతవరకు ఫలిస్తాయి? నేడు మన ఇళ్ళలో కొలువుదీరిన కంప్యూటర్ కూడా తాపపీడితమైనదే. దానిని చల్లబరచడానికి ఔత్సాహికులు చేసిన ఉపచారాలు కావ్యనాయికకు జరిగిన వాటికంటె వింతైనవి. నూనెలో ముంచినవారున్నారు, ఫ్రిజ్‌లో పెట్టినవారున్నారు, గడ్డకట్టించే ద్రవవాయువును పోసినవారూ ఉన్నారు. ఆ పద్ధతులేమిటో, వాటిలో ఏది ఎందుకు ఫలిస్తుందో తెలుసుకొందాం.

తాపకారణం

కంప్యూటరుకు మెదడు వంటిది ప్రాసెసర్. గోరంత సిలికాన్ పలకపై వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఇమిడి ఉంటాయి. అవి సెకనుకు కోట్లాది పర్యాయాలు తెరచుకొంటూ మూసుకొంటూ లెక్కలు చేస్తాయి. ఆ పనికి వినియోగమైన విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారుతుంది. 100 వాట్ల విద్యుత్తును వాడుకొనే కంప్యూటర్ గదిలో 100 వాట్ల హీటరుతో సమానం. వేడి అతి స్వల్పమైన వైశాల్యంలో పుట్టడం వలన సమస్య మరింత తీవ్రమవుతుంది. ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌ను సమీపించినప్పుడు అనేక ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది.

ఇక్కడ ఒక ప్రకృతి నియమాన్ని గుర్తుంచుకోవాలి. శక్తిని నశింపజేయలేము. కనుక చల్లబరచడమంటే వేడిని ఒక చోటి నుండి మరొక చోటికి తరలించడమే. ఎంత వింత పద్ధతినైనా ఒకే ప్రశ్నతో పరీక్షించవచ్చు: వేడి చివరకు ఎక్కడికి పోతున్నది?

గంధపు పూత, వింజామర

సాధారణ కంప్యూటరులో ప్రాసెసరుపై రాగితోనో అల్యూమినియంతోనో చేసిన రేకుల దిమ్మె ఉంటుంది. దానిపై ఫ్యాను తిరుగుతుంది. దిమ్మెకు, ప్రాసెసరుకు నడుమ ఒక లేపనం పూస్తారు. నునుపుగా కనిపించే లోహాల మధ్య కూడా సూక్ష్మమైన గాలి సందులుంటాయి. గాలి కంటె రాగి సుమారు 15,000 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందువలన ఆ సందులను పూడ్చడం అవసరం. లేపనానికి బదులు పళ్ళు తోముకొనే పేస్టును పూసి పరీక్షించినవారున్నారు. అది మొదట్లో బాగానే పనిచేస్తుంది. తడి ఆరగానే బీటలు వారి, సందులు మళ్ళీ ఏర్పడతాయి.

ఫ్యానుకొక పరిమితి ఉన్నది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. గదిలోని గాలే అంత వేడిగా ఉంటే, ఎంత వేగంగా తిరిగే ఫ్యానైనా ప్రాసెసరును ఆ గాలి కంటె చల్లగా ఉంచలేదు. ఈ పరిమితిని దాటాలన్న ఆకాంక్షే వింత ప్రయోగాలకు ఒక ముఖ్య ప్రేరణ.

తైలస్నానం

విద్యుత్ పరికరాన్ని ద్రవంలో ముంచడం వినడానికి సాహసంగా తోస్తుంది. కాని మన వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఉండేది నూనెయే. శుద్ధమైన నూనె విద్యుత్తును ప్రసరింపనీయదు; గాలి కంటె ఎక్కువ వేడిని మోయగలదు. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్ సర్క్యూట్లను ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచి ఉంచారు. 2006లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సాంకేతిక పత్రిక వారు ఇంటి కంప్యూటరును వంటనూనెలో ముంచి నడిపించారు. 2007లో అమెరికాకు చెందిన పుజెట్ సిస్టమ్స్ వారు చేపల తొట్టెలో మినరల్ ఆయిల్ నింపి అదే పని చేశారు.

యంత్రం నడిచిన మాట నిజమే. అయితే వేడి ఎక్కడికి పోయింది? మొదట నూనెలోకే. కొన్ని గంటలకు తొట్టె అంతా వేడెక్కుతుంది. అప్పుడు నూనెను చల్లబరచడానికి రేడియేటర్ కావలసి వస్తుంది. వంటనూనె కాలక్రమేణా ముక్కిపోతుంది. గాలి రంధ్రమున్న పాతరకం హార్డ్ డిస్కులోనికి నూనె చేరితే అది పాడవుతుంది. తీగల వెంట నూనె పైకి ఎగబాకుతుంది. ఒకసారి ముంచిన భాగాలను మరల శుభ్రపరచడం మహాకష్టం.

కుండనీటి రహస్యం

సమాన ఘనపరిమాణంలో నీరు గాలి కంటె మూడు వేల రెట్లకు పైగా వేడిని మోయగలదు. 2000 ప్రాంతంలో ఔత్సాహికులు కార్ల హీటర్లలోని చిన్న రేడియేటర్లను, చేపల తొట్టెల పంపులను కూర్చి నీటితో చల్లబరచే ఏర్పాట్లు చేసుకొన్నారు. కొందరు మరొక అడుగు ముందుకు వేసి, వెచ్చనైన నీటిని ఎత్తు నుండి గొట్టంలో జల్లుగా పడవేశారు. పడేటప్పుడు కొంత నీరు ఆవిరై, మిగిలిన నీటిని చల్లబరుస్తుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల శీతల గోపురాలలోను, మన మట్టికుండలోను జరిగేది ఇదే.

దీని సామర్థ్యాన్ని లెక్కవేసి చూద్దాం. 100 వాట్ల కంప్యూటర్ గంటకు 3,60,000 జౌళ్ళ వేడిని వెలువరిస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ళు కావాలి. అంటే గంటకు 150 గ్రాముల నీరు, ఒక గ్లాసు కంటె తక్కువ, ఆవిరైతే చాలు! అయితే గాలి పొడిగా ఉండాలి. రాయలసీమ, తెలంగాణ ఎండలలో ఈ ఉపాయం చక్కగా పనిచేస్తుంది. ఉక్కపోసే సముద్రతీరంలో అంతగా ఫలించదు. పైగా కారిన నీరు విద్యుత్ భాగాలపై పడితే యంత్రానికి, మనిషికి కూడా ప్రమాదమే.

అతిశైత్యం

ఫ్రిజ్‌లో పెట్టడం సులభోపాయంగా తోస్తుంది. కాని ఇంటి ఫ్రిజ్ పదార్థాల వేడిని మెల్లగా లాగివేయడానికి నిర్మించినది. లోపలే ఎడతెగకుండా వేడి పుడుతుంటే దాని కంప్రెసరుకు విరామముండదు. తలుపు తెరచినప్పుడల్లా, చల్లని గ్లాసు వెలుపల చెమ్మ పట్టినట్లు, సర్క్యూట్లపై తేమ చేరుతుంది.

ఇక ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల వద్ద మరుగుతుంది. 2003లో దీని సాయంతో పెంటియం 4 ప్రాసెసరును 5 గిగాహెర్ట్జ్‌కు మించిన వేగంతో నడిపించారు. 2011లో ద్రవ హీలియంతో చల్లబరచిన ఏఎండీ ప్రాసెసర్ 8.4 గిగాహెర్ట్జ్‌ను దాటింది. ఇవి పోటీలకు, రికార్డులకు తగిన పద్ధతులు. పోసిన ద్రవం నిమిషాలలో ఆవిరైపోతుంది. లీటరు ద్రవ నైట్రోజన్ సుమారు 700 లీటర్ల వాయువుగా మారి, మూసిన గదిలోని ప్రాణవాయువు పాలును తగ్గించి, మనిషి ప్రాణానికే ముప్పు తెస్తుంది.

గృహవైద్యం

ఈ ప్రయోగాలను చులకన చేయరాదు. నీటితో చల్లబరచే పద్ధతి 2004లో ఆపిల్ వారి పవర్ మాక్ జీ5లో చోటు సంపాదించుకొన్నది. కాని శాస్త్రజిజ్ఞాస వేరు, దుస్సాహసం వేరు. తల్లిదండ్రులు కష్టార్జితంతో కొన్న యంత్రాన్ని నూనెలో ముంచనక్కరలేదు. ఏడాదికి రెండు మూడు సార్లు విద్యుత్తు ఆపి, రేకుల నడుమ పేరుకొన్న దుమ్మును తొలగించాలి. పెట్టెను బీరువాలో ఇరికించక, గోడకు జానెడు దూరంలో ఉంచాలి. లాప్‌టాప్‌ను పరుపుపై పెట్టి గాలి దారులను మూయరాదు. ఎండిన లేపనాన్ని తెలిసినవారిచేత మార్పించాలి.

అన్నింటికీ మించి, అవసరం లేనప్పుడు యంత్రాన్ని ఆపివేయాలి. పనికి చాలినంత వేగంతోనే నడపాలి. అప్పుడు వేడి పుట్టుకే తగ్గుతుంది. పుట్టని వేడిని తరలించవలసిన పని ఉండదు. తాపకారణాన్ని తగ్గించిన తరువాత చేసే శైత్యోపచారమే సార్థకమవుతుంది.