నంబరుకో ఇంటిపేరు!

ఇప్పుడంటే సెల్‌ఫోన్లో పేరు నొక్కితే చాలు. ఒకప్పుడు అమెరికాలో ఫోన్‌ నంబర్లకే ఇంటిపేర్లుండేవి... అవే ఎక్స్ఛేంజీల పేర్లు! న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా హోటల్‌ నంబరు ‘పెన్సిల్వేనియా 6-5000’. డయల్‌ మీద అంకెలతోపాటు అక్షరాలూ ఉండేవి కాబట్టి పేరులోని మొదటి రెండక్షరాలు ‘పీ’, ‘ఈ’ తిప్పితే 7, 3 తిప్పినట్టే. నంబరు చెబితే చాలు, పేట తెలిసిపోయేది. 1940లో గ్లెన్‌ మిల్లర్‌ బృందం ఈ నంబరునే పాటగా కట్టి మోగించింది.

ఫోన్లు పెరిగాయి, పేర్లు చాల్లేదు. ఇక అన్నీ అంకెలే అనేసరికి 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు ‘యాంటీ డిజిట్‌ డయలింగ్‌ లీగ్‌’ పెట్టి మరీ ఎదురుతిరిగారు. అయినా పేర్లు పోయాయి. 2020లో మూతపడ్డ ఆ హోటల్‌నీ తర్వాత కూల్చేశారు. పాట మిగిలింది.

మరి మీ ఇంట్లో మొదటిసారి మోగిన ల్యాండ్‌లైన్‌ నంబరు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. సొంత సెల్‌ నంబరుకు తడుముకునేవాళ్లూ దాన్ని గడగడా చెప్పేస్తారు!