బోరులో నీళ్ళు ఎక్కడినుండి వస్తాయి?

మా అనంతపురం పల్లెల్లో బోరు వేసే రోజు పండుగలాగే ఉంటుంది. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరుగుతాడు. అది లేచి నిలబడిన చోట పసుపు కుంకుమ పెడతారు. రాత్రికి బోరు లారీ వస్తుంది. మా నాయన ఇప్పటికి నాలుగు బోర్లు వేయించినాడు. మూడింట్లో రాతిపొడి మాత్రమే లేచింది. నాలుగవదానిలో ఒకటిన్నర ఇంచు నీళ్ళు పడ్డాయి గాని, మొన్న ఎండాకాలం అదీ గాలి కొట్టింది. ఐదవదానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టే మాట వచ్చినప్పుడు నాయన నన్నడిగినాడు: "సైన్సు చదువుతాండావు గదా, నీళ్ళు యాడుంటాయో చెప్పు!"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు.

భూమి లోపల నదులు పారుతుంటాయని మా ఊళ్ళో చాలామంది నమ్మకం. మా కాళ్ళ క్రింద ఉన్నది గ్రానైటు, నైసు వంటి గట్టిరాయి. అందులో నీరు నిలిచే తావులు రెండే. ఒకటి, పైన యాభై అరవై అడుగుల వరకు శిథిలమై మెత్తబడిన రాతిపొర. తాతల కాలపు కపిల బావులు ఈ పొరలోనివే. రెండవది, దాని క్రింది రాతిలోని బీటలు. లోతుకు పోయేకొద్దీ పైరాతి బరువు వల్ల ఈ బీటలు మూసుకుపోతాయి. కనుక ఏడు వందల అడుగులు దింపినంతమాత్రాన ఏడింతల నీరు రాదు. లోతున దొరికేది చాలావరకు ఎన్నో ఏళ్ళుగా చేరిన పాత నిల్వ. ఒకసారి తోడితే మళ్ళీ నిండడానికి ఎంతకాలమైనా పట్టవచ్చు.

ఏటేటా కొత్తగా చేరేదెంత? మా వైపు సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఒక ఎకరం మీద ఇది 22 లక్షల లీటర్లవుతుంది. ఇంత నీరా అని నేనే ఆశ్చర్యపోయినాను! కాని ఎండకు ఆవిరైనది, పైరు త్రాగినది, వంకలో పోయినది తీసివేస్తే, ఇటువంటి నేలల్లో భూగర్భానికి చేరేది సుమారు పదోవంతు, అనగా రెండు లక్షల పైచిలుకు. ఎకరం వరిమడికి 1200 మిల్లీమీటర్ల నీరు పెడితే 48 లక్షల లీటర్లు కావాలి. అంటే ఒక ఎకరం వరి ఇరవైరెండు ఎకరాల ఊటను త్రాగుతుందన్నమాట. మడిలోనుండి కొంత తిరిగి ఇంకుతుంది గనుక లెక్క కొంత తగ్గించుకోండి. అయినా మా నాయనకున్నది ఆరెకరాలు.

డ్రిప్పు పెట్టుకుంటే చాలు గదా అంటారు. మంచిదే. కాని మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు తడిపితే బోరుకు మిగిలేది సున్న. మా వేరుశనగకు ఊడలు దిగే వేళ ఒక్క తడి అందితే పంట గట్టెక్కుతుంది. ఆ తడికి చేలో ఒక కుంట చాలు.

ఈ లెక్కంతా చెబితే నాయన నవ్వి, "బాగుంది. నేను మానుకుంటే పక్కచేనాయన వేస్తాడు. నా నీళ్ళు గూడా ఆయనే తోడుకుంటాడు గదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బీటలకు గట్లుండవు, సర్వే నంబర్లుండవు. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరుకు అనుమతి కావాలన్నది. రాత్రిపూట వచ్చే లారీని ఎవరు అడుగుతారు?

అయితే 2000 తరువాతి దశాబ్దంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ మొదలైన ఏడు కరువు జిల్లాల్లో ఒక పని జరిగింది. రైతులే వానను, బోరు నీటిమట్టాన్ని కొలిచి, రబీకి ముందు అందరూ కూర్చుని ఊరి నీటి జమాఖర్చు వేసుకున్నారు. ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. ఉన్న నీరు కళ్ళకు కనబడేసరికి చాలాచోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళినారు.

ఇది విని మా చిన్నాయన, మా బోరు, తన బోరు ఒకే పైపుకు కలుపుదామన్నాడు. నాయన ఇంకా ఊ అనలేదు, ఐదవ బోరు మాటా ఎత్తలేదు. నేను సెలవులకు పోయినప్పుడల్లా పాతబావిలో రాయి కట్టిన తాడు వదిలి నీటిమట్టం కొలిచి గోడమీద బొగ్గుతో వ్రాస్తున్నాను. నేను లేనప్పుడు ఎవరు వ్రాస్తున్నారో గాని, దసరాకు పోయేసరికి మూడు కొత్త అంకెలు ఉన్నాయి. అక్షరాలు చూస్తే నాయనవే.