దేశము నడుమ దేశము

దేశములను గూర్చిన వింతలను విరామవేళల నొండొరులకుఁ జెప్పుకొనుట మన విద్యార్థులకు వేడుక. అట్టి వింతలలో నొకటి యిది: నలువైపుల నొకే దేశముచేఁ జుట్టుకొనఁబడిన స్వతంత్రదేశములు ప్రపంచమున మూఁడే కలవు. ఇటలీ నడుమ సాన్ మారినో, వాటికన్ నగరము. దక్షిణాఫ్రికా నడుమ లెసోతో. ఇంతమాత్రము చెప్పి యూరకుండుట చాలదని మేము తలంచెదము. ఏల యిట్లయ్యెనని యడిగినప్పుడే వింత విద్య యగును.

లెసోతో కొండల దేశము. అందు మిక్కిలి పల్లమైన చోటు సైతము సముద్రమట్టమునకు సుమారు 1,400 మీటర్ల యెత్తున నున్నది. పందొమ్మిదవ శతాబ్దమున యుద్ధములచేఁ జెదరిన జనులను మొష్వేష్వే యను రాజు థాబా బోసియు అను కొండయొద్దఁ జేర్చి కాపాడెను. డచ్చి సంతతివారగు బోయరులు భూముల నాక్రమింపఁగా, నతఁడు బ్రిటిషువారి రక్షణమును గోరెను. అది 1868లో లభించెను. 1884 నుండి నేరుగా బ్రిటిషు ప్రభుత్వము క్రింద నుండుటచే, 1910లో దక్షిణాఫ్రికా సమాఖ్య యేర్పడినపుడు ఆ దేశ మందుఁ గలియలేదు. 1966 అక్టోబరు 4వ తేదీన స్వతంత్రమాయెను.

నేఁడు లెసోతో కొండలనీరు సొరంగముల గుండ దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గు ప్రాంతమునకుఁ బోవుచున్నది. చుట్టుముట్టిన పెద్దదేశపు దాహమును దీర్చుటకు నడుమనున్న చిన్నదేశము తోడ్పడుచున్నది! కావున పటములోని చిన్నచుక్కను జూచి యెవ్వరును జిన్నచూపు చూడరాదు.