పతకం మీద పేరు... తార్నాకలో జాడ

ముందువైపు రాజు, వెనకవైపు రౌతు. ఆ పతకం ఎవరిదో తెలియాలంటే మాత్రం దాన్ని నిలువుగా పట్టుకుని అంచు చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పనిచేసిన వాళ్లకిచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. ఒక పక్క ఐదో జార్జి తల. రెండో పక్క ఒంటి మీద బట్టల్లేకుండా గుర్రమెక్కిన సెయింట్ జార్జి. గిట్టల కింద జర్మన్ గద్ద గుర్తున్న డాలు, పుర్రె, ఎముకలు. పైన ఉదయిస్తున్న సూర్యుడు. ఇంత హంగామా లక్షల కొద్దీ సైనికుల్లో అందరికీ ఒకటే. అంచు మాత్రం ఒక్కడిది. నంబరు, హోదా, పేరు, దళం అన్నీ సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో అక్కడే ఉంటాయి. పాలిష్ ఎక్కువ పెట్టిన ఇళ్లలో ముందు చెరిగిపోయేది కూడా అదే.

ఈ మెడల్ సాధారణంగా ఒంటరిగా రాదు. పక్కన ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుతో విక్టరీ మెడల్ ఉంటుంది. 1915 ముగిసేలోపే రణరంగంలో అడుగుపెట్టిన వాడైతే కత్తులు పెనవేసిన కంచు నక్షత్రం కూడా ఉంటుంది. ఈ మూడింటికీ బ్రిటిష్ జనం ఒక పత్రికలోని బొమ్మల కథ నుంచి కుక్క, పెంగ్విన్, కుందేలు పేర్లు పెట్టుకున్నారు. చావును చూసి వచ్చిన వాళ్ల గుర్తులకు పిల్లల పేజీలో పేర్లు!

హైదరాబాద్ లాన్సర్లకు ఆ కంచు నక్షత్రం దక్కే అర్హత ఉంది. నిజాం సంస్థానం పంపిన ఈ అశ్వదళం 1914లోనే ఈజిప్టు చేరింది. సూయజ్ కాలువ కాపలాలో మొదలై తర్వాత పాలస్తీనా దాకా వెళ్లింది. మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లూ అదే బ్రిగేడ్‌లో ఉన్నారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణం మీదికి మెషిన్ గన్లకు ఎదురుగా ఈటెలతో గుర్రాలను ఉరికించారు. 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు చిక్కాయి. మన వైపు చనిపోయింది ఎనిమిది మంది, గుర్రాలు మాత్రం అరవై. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దల్పత్ సింగ్ అక్కడే నేలకొరిగాడు.

హైఫా దాడిలో ఉరికినవి ప్రధానంగా జోధ్‌పూర్, మైసూరు గుర్రాలు. హైదరాబాద్ దళం ఆ దాడిలో లేదు. అయినా ఢిల్లీలో 1922లో నిలబెట్టిన తీన్ మూర్తి కంచు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది. నా దృష్టిలో ఇందులో తప్పేం లేదు. నాలుగేళ్లు ఎడారిలో గుర్రాన్ని, తనను బతికించుకోవడం ఒక్కరోజు దాడి కంటే తక్కువ పనేం కాదు. కానీ పతకాన్ని చూస్తే ఈ తేడా తెలియదు. హైఫాలో ఉరికినవాడికీ ఉరకనివాడికీ ఒకే వెండి, ఒకే రిబ్బను. పతకం యుద్ధం పేరు చెబుతుంది, మనిషి ఏం చేశాడో చెప్పదు. అందుకు కాగితం కావాలి.

లండన్‌లో ఆ కాగితాలకు పట్టిన గతి చూడండి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులకు సైనిక రికార్డుల గోదాం తగలబడి, మొదటి యుద్ధపు బ్రిటిష్ సిపాయిల సర్వీసు పత్రాల్లో సగానికి పైగా పోయాయి. అంచులు కాలిన ఫైళ్లు, పతకాల ఇండెక్స్ కార్డులే ఇప్పుడు అక్కడి కుటుంబాలకు దిక్కు. మన రౌతుకు ఆ కార్డు దొరకడం కూడా కష్టమే.

మనకు తార్నాక ఉంది. ఉస్మానియా క్యాంపస్ పక్కనే స్టేట్ ఆర్కైవ్స్. రోజూ ఆ దారిన బస్సెక్కే విద్యార్థుల్లో ఎందరు లోపలికి వెళ్లి ఉంటారో! అక్కడ షాజహాన్, ఔరంగజేబుల కాలపు పారసీ కాగితాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో చాలావరకు దక్కన్‌లో పనిచేసిన మొఘల్ సైన్యానివి. అర్జ్-ఓ-చెహ్రా అనే హాజరు పత్రాలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. రౌతు పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, నుదురు, కనుబొమలు, ముఖం మీద గాటు. ఆ తర్వాత గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర. ఒకడి బదులు ఇంకొకడిని, మంచి గుర్రం బదులు బక్క గుర్రాన్ని చూపించి జీతం కొట్టేయకుండా చేసిన కట్టుదిట్టం అది. అవినీతి మీద అనుమానం కొద్దీ రాసిన కాగితం మూడున్నర శతాబ్దాల తర్వాత ఒక మామూలు సైనికుడి ముఖాన్ని మన ముందు నిలబెడుతోంది. పాలస్తీనా వెళ్లిన మన రౌతు ముఖం మాత్రం పతకంలో లేదు.

లాన్సర్లను పోషించింది నిజాం ఖజానా, యుద్ధంలో నడిపింది బ్రిటిష్ సేనానులు. కాబట్టి అంచు మీద హైదరాబాద్ లాన్సర్స్ అని ఉంటే ముందు వెతకాల్సింది తార్నాకలోని నిజాం ప్రభుత్వ ఫైళ్లలోనే. దక్కన్ హార్స్ అని ఉంటే దారి వేరు. అది పూర్వం హైదరాబాద్ కంటింజెంట్‌దే అయినా అప్పటికి బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధభూమిలో ఈటెలు పట్టి దాడికి దిగిన రెజిమెంటు అది. మద్రాస్ సాపర్స్ అని ఉంటే దారి బెంగళూరుకు. మిలిటరీ మాధవరంగా పేరుపడ్డ పశ్చిమగోదావరి ఊరు సైతం అప్పట్లో నిజాం రాజ్యంలో కాక మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, కాబట్టి అక్కడి వాళ్లకూ దారి తార్నాక కాదు. పతకం వెండిది కాక కంచుదైతే అది కూలి దళంలో, సేవకుల్లో పనిచేసిన వాడిది కావచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి, అలాంటివి చాలా అరుదు. రెండో ప్రపంచ యుద్ధపు నక్షత్రాల మీద బ్రిటన్ తన సైనికుల పేర్లు చెక్కించలేదు. భారత సైన్యం మాత్రం మన వాళ్ల పేర్లు చెక్కించింది.

చిక్కల్లా ఒక్కటే. అంచు మీద ఇంగ్లీషు, నిజాం ఫైలులో ఉర్దూ, ఇంట్లో మనవడికి వచ్చింది తెలుగు. ఈ మూడూ తెలిసినవాళ్లు ఎక్కడుంటారు? హైఫా యుద్ధం జరిగిన 1918లోనే నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టాడు. ఆయన్ని బ్రిటిష్ వాళ్లు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అని పిలవడం మొదలుపెట్టిందీ ఆ ఏడే. ఆయన డబ్బుతో కొన్న విమానాలు ఎగరేసిన 110వ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరిందీ ఆ యుద్ధంలోనే. రాజు చేసిన ఖర్చుకు బిరుదు వచ్చింది, చరిత్ర పుస్తకంలో చోటూ వచ్చింది. రౌతుకు అంచు దక్కింది.

ఇలాంటి పేర్లను కాగితాల్లోంచి బయటికి తేవడం అసాధ్యమేం కాదు. లాహోర్ మ్యూజియంలో దశాబ్దాలు మూలపడి ఉన్న రిజిస్టర్లను బయటికి తీసి, మొదటి యుద్ధంలో పనిచేసిన 3,20,000 మంది పంజాబీ సైనికుల వివరాలను అందరికీ అందుబాటులోకి తెచ్చే పని 2021లో మొదలైంది. గ్రీనిచ్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని ఒక పంజాబీ సంస్థ కలిసి చేసిన పని అది. ఉస్మానియాలో చరిత్ర శాఖ ఉంది, ఉర్దూ శాఖ ఉంది, పారసీ శాఖ ఉంది. ఆర్ట్స్ కాలేజీ నుంచి తార్నాక ఆర్కైవ్స్‌కు ఆటోలో పది నిమిషాలు కూడా పట్టదు. లాన్సర్ల పేర్ల పట్టిక తయారుచేయడం ఎం.ఏ. విద్యార్థుల బృందానికి మించిన పనేం కాదు.

ఈలోగా మీ ఇంటి బీరువాలో అలాంటిదేదైనా ఉంటే తోమకండి, తూకానికి అమ్మకండి. 1980 ప్రాంతంలో వెండి ధర ఎగిరినప్పుడు బ్రిటన్‌లోనే ఎన్నో వార్ మెడల్స్ కరిగిపోయాయి. పగటి వెలుగులో అంచు చుట్టూ ఫొటోలు తీసి, అక్షరం అక్షరం కాగితం మీద రాసుకుని తార్నాక వెళ్లండి.