‘హాబీ: ట్రావెలింగ్’ అని రాశారా? బందరు వెళ్లిరండి!

రెజ్యూమెలో ‘హాబీస్: ట్రావెలింగ్’ అని రాశారా? నేనూ రాశాను. బీటెక్ అయ్యాక ఓ ఇంటర్వ్యూలో ‘ఎక్కడెక్కడ తిరిగారు?’ అని అడిగారు. నార్వేలోని లోఫోటెన్ దీవుల గురించి మొదలెట్టాను. కర్రల పందిళ్ల మీద కాడ్ చేపలు ఎండబెట్టే పల్లెలు, బోర్గ్‌లో బయటపడ్డ 83 మీటర్ల వైకింగ్ ఇంటి ఆనవాళ్లు.. అన్నీ వీడియోల్లో చూసినవే. ‘మీది విజయవాడ కదా, దగ్గర్లోని రేవు గురించి చెప్పండి’ అన్నారు. నోరు పెగల్లేదు. ఉద్యోగమూ రాలేదు.

ఆ వారమే బందరు బస్సెక్కాను. 70 కిలోమీటర్లే!

మనకూ ఉంది చరిత్ర

మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లిషువారు 1611లో వర్తకం మొదలెట్టారు. డచ్చి సమాధుల రాళ్ల మీద చెక్కిన కుటుంబ చిహ్నాలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1864 తుపాను ఈ ఊళ్లో, చుట్టుపక్కల సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఘంటసాల ఇంకా పాతది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేర్కొన్న ‘కంటకోసిలా’ ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అంటే వైకింగుల కాలానికి ఆరొందల ఏళ్ల ముందే ఇక్కడ ఓడల వ్యాపారం ఉందన్నమాట. అక్కడి బౌద్ధ శిల్పాలను మ్యూజియంలో చూడొచ్చు.

ఒక్క ప్రశ్న చాలు

గిలకలదిండి హార్బర్‌లో వల బాగుచేసుకుంటున్న ఒకాయనకు ఫోన్లో యాప్ చూపించాను. ‘బాబాయ్, చేపలు ఎటువైపు ఉండొచ్చో ఇందులో తెలుస్తుంది’ అన్నా. ఆయన నవ్వి, ‘బానే ఉంది బాబూ. లోపలికి పోయాక సిగ్నలుండదు. అప్పుడేం చెయ్యాలి?’ అన్నారు.

ఇంటికొచ్చి వెతికాను. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ, ఉపగ్రహాలు పంపే సముద్ర ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ వివరాలతో చేపలు దొరికే చోట్లను అంచనా వేస్తుంది. సిగ్నల్ అందని చోటికీ ఆ సమాచారం, తుపాను హెచ్చరికలు చేరేలా 2019లో ‘జెమినీ’ అనే పరికరం తెచ్చారు. అది గగన్ ఉపగ్రహాల నుంచి సమాచారం అందుకుని బ్లూటూత్ ద్వారా ఫోన్‌కి పంపుతుంది. రిమోట్ సెన్సింగ్, ఎలక్ట్రానిక్స్, యాప్ డిజైన్.. మీ బ్రాంచి ఏదైనా ఇందులో ఒక ప్రాజెక్టు దొరుకుతుంది.

తర్వాతి ఇంటర్వ్యూలో ఆ బాబాయ్ ప్రశ్న దగ్గరే మొదలెట్టా. పావుగంట దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ ఒక్క జవాబుతోనే ఉద్యోగం వచ్చేయదు, కోడింగ్ రౌండూ దాటాలి. కానీ చూసొచ్చిన దాని గురించి మాట్లాడేటప్పుడు గొంతు వణకదు.

వెళ్తున్నారా?

* హార్బర్‌కి తెల్లవారకముందే చేరుకోండి.
* ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి కాబట్టి మాట్లాడటానికి వాళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది.
* ఫొటో తీసే ముందు అడగండి.
* ఆ రాత్రే పది లైన్లు రాసుకోండి. రేపటి ఇంటర్వ్యూకి అవే మీ నోట్స్.